వెబ్‌సైట్ ఉన్నట్టుండి తెల్లబోతే: లోపం ఎక్కడ పుడుతుంది, ఎందుకు బయటికి చెప్పదు

సంక్షిప్తంగా: సైట్ తెరిస్తే ఖాళీ తెల్ల పేజీ వచ్చిందంటే ఎర్రర్ లేదని అర్థం కాదు. చాలాసార్లు ఎర్రర్ ఉంటుంది, దాన్ని చదువరులకు చూపించవద్దని సర్వర్‌కు ముందే చెప్పి ఉంటుంది. ముందు తేల్చాల్సింది ఒకటే: సర్వర్ అసలేమీ పంపలేదా, పంపినదాన్ని బ్రౌజర్ చూపించలేకపోతోందా? మొదటిదైతే కారణం సర్వర్ తన తప్పులు రాసుకునే ఎర్రర్ లాగ్‌లో, రెండోదైతే బ్రౌజర్ తన తప్పులు చూపించే కన్సోల్‌లో దొరుకుతుంది. ఆ పంక్తి చదవకముందే ఏదైనా తీసేయడం, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం నష్టాన్ని పెంచుతుంది.

సైట్ ఆగిపోవడం వేరు, తెల్లబోవడం వేరు. ఆగిపోయిన సైట్ ఏదో ఒకటి చెబుతుంది: డేటాబేస్‌కు కనెక్షన్ దొరకలేదనో, అడిగిన పేజీ లేదనో, సర్టిఫికెట్ గడువు తీరిందనో. తెల్లగా తెరుచుకున్న సైట్ ఏమీ చెప్పదు. అడ్రస్ బార్‌లో చిరునామా సరిగ్గానే ఉంటుంది. పేజీ లోడ్ అవడం పూర్తయినట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం ఒక్క అక్షరం ఉండదు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. దాన్ని వాడేవాళ్లలో దీనికి ‘వైట్ స్క్రీన్ ఆఫ్ డెత్’ అనే పేరు స్థిరపడింది.

ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. తెలుగులో చిన్న వార్తా పోర్టళ్లు, సాహిత్య పత్రికలు, కాలేజీలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు నడిపే సైట్లలోనూ అది విరివిగా కనిపిస్తుంది. వీటిలో చాలావాటికి ప్రత్యేకంగా సాంకేతిక సిబ్బంది ఉండరు. ఎవరో ఒకసారి కట్టిపెట్టి వెళ్లిన సైట్ ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంటుంది. అలాంటిది ఒక రోజు తెల్లబోతే కంగారులో చేసే పనులే అసలు లోపం కంటే ఎక్కువ నష్టం చేస్తాయి. వర్డ్‌ప్రెస్ మొత్తాన్ని తుడిచి మళ్లీ ఎక్కించడం వాటిలో ఒకటి. ఎప్పటిదో పాత బ్యాకప్‌ను తెచ్చి మీద పరిచేయడం మరొకటి. ఆ బ్యాకప్ తర్వాత రాసిన పోస్టులు, వచ్చిన కామెంట్లు అక్కడితో పోతాయి. కారణం మాత్రం అంతకుముందే ఒకే ఒక్క పంక్తిగా సర్వర్‌లో రాసి ఉండే అవకాశం ఎక్కువ.

## బైట్లు వచ్చాయా, రాలేదా

బయటికి ఒకేలా కనిపించే ఖాళీ పేజీల వెనుక బొత్తిగా సంబంధం లేని లోపాలు ఉంటాయి. వాటిని విడదీసే పరీక్షకు పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కితే సర్వర్ పంపిన అసలు హెచ్‌టీఎంఎల్ కనిపిస్తుంది. అది కూడా ఖాళీగా ఉంటే లోపం సర్వర్ వైపు. వందల పంక్తుల కోడ్ కనిపించి, పేజీ మాత్రం తెల్లగా ఉంటే లోపం బ్రౌజర్ వైపు.

ఇంకొంచెం కచ్చితంగా తెలియాలంటే ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీని రీలోడ్ చేయాలి. మొదటి వరుసలో సర్వర్ జవాబు రకాన్ని చెప్పే స్టేటస్ కోడ్ (200 అంటే సవ్యం, 500 అంటే సర్వర్‌లో లోపం), సైజు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి చదవాలి, విడివిడిగా చూస్తే తప్పుదారి పట్టిస్తాయి. స్టేటస్ 500 ఉండి సైజు సున్నా అయితే పీహెచ్‌పీ (సర్వర్‌లో పేజీని తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) మధ్యలో కూలిపోయిందనుకోవచ్చు. స్టేటస్ 200 ఉండి సైజు సున్నా అయితే పరిస్థితి వేరు. సర్వర్ లెక్క ప్రకారం పని సవ్యంగానే ముగిసింది, పంపడానికి మాత్రం ఏమీ లేకపోయింది.

ఈ రెండో రకాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో దానికి ఒక సాధారణ కారణం ఉంది. ఖాతాకు ఇచ్చిన డిస్క్ స్థలం నిండిపోయిన సమయంలో అప్‌డేట్ జరిగితే కొన్ని ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలిపోతాయి. ఫైల్ పేరు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. మొదట నడవాల్సిన ఇండెక్స్ ఫైలే అలా అయితే పీహెచ్‌పీ దాన్ని శ్రద్ధగా నడిపి, ఏ తప్పూ లేదని తేల్చి, ఖాళీ పేజీని 200తో పంపేస్తుంది. పైగా డిస్క్ నిండిపోయింది కాబట్టి వేరే ఎర్రర్ ఏదైనా వచ్చినా లాగ్‌లో రాయడానికి చోటుండదు. లాగ్ పూర్తిగా నిశ్శబ్దంగా ఉందంటే ముందుగా చూడాల్సింది హోస్టింగ్ ఖాతాను నడిపే సీప్యానెల్‌లో డిస్క్ వాడకం ఎంతుందన్నదే.

## ఎర్రర్‌ను దాచిపెట్టింది ఎవరు

పీహెచ్‌పీలో ‘డిస్‌ప్లే_ఎర్రర్స్’ అనే అమరిక ఉంది. జనం చూసే సైట్లలో దాన్ని ఆఫ్‌లో ఉంచాలన్నది నియమం. పీహెచ్‌పీతో పాటు వచ్చే ప్రొడక్షన్ నమూనా ఫైల్‌లోనే అది ఆఫ్‌లో ఉంటుంది. ఎర్రర్ సందేశంలో ఫైల్ సర్వర్‌లో ఎక్కడుందో పూర్తి దారి ఉంటుంది, ఏ ప్లగిన్ (సైట్‌కు అదనపు సదుపాయాలు చేర్చే కోడ్) ఏ పంక్తిలో తప్పిందో ఉంటుంది, ఒక్కోసారి డేటాబేస్ యూజర్ పేరూ బయటపడుతుంది. దాడి చేయాలనుకునేవాడికి అది చేతికిచ్చిన పటం. కాబట్టి తెల్ల పేజీ అనేది భద్రత కోసం తెలిసి ఎంచుకున్న మౌనం.

ఎర్రర్లు చూపించడం ఆపి ఉన్నప్పుడు ఫేటల్ ఎర్రర్ (కోడ్‌ను అక్కడే ఆపేసే తప్పు) వస్తే, అప్పటికి ఇంకా హెడర్లు (పేజీకి ముందు వెళ్లే సమాచారం) బయటికి వెళ్లకపోతే, పీహెచ్‌పీ 500 స్టేటస్ పంపుతుంది. చూపించడం ఆన్‌లో ఉంటే అదే ఎర్రర్ సందేశంతో సహా 200తో వెళుతుంది. పేజీ సగం తయారై బయటికి వెళ్లిపోయాక కూలితే పై మెనూ, లోగో కనిపించి కింద అంతా తెల్లగా ఉంటుంది. ఇలా సగంలో ఆగిన పేజీ వెతికేవారికి సాయమే చేస్తుంది. ఎక్కడిదాకా కనిపించిందో ఆ తర్వాత నడవాల్సిన కోడ్‌లోనే లోపం ఉంది. సైడ్‌బార్ దగ్గర ఆగితే ఏదో విడ్జెట్, ఫుటర్ దగ్గర ఆగితే సైట్ రూపాన్ని నిర్ణయించే థీమ్‌లోని ఫుటర్ ఫైలో అందులోకి ఏదైనా చొప్పించే ప్లగినో అనుమానించాలి.

పాత కోడ్‌లో మౌనానికి ఇంకో కారణం కూడా ఉండేది. ఫంక్షన్ పేరు ముందు అట్ గుర్తు పెడితే దాని తప్పులు బయటికి రావు. పీహెచ్‌పీ 8కి ముందు ఆ గుర్తు ఫేటల్ ఎర్రర్లను కూడా మింగేసేది, లాగ్‌లో సైతం ఆనవాలు ఉండేది కాదు. 8 నుంచి ఫేటల్ ఎర్రర్లను అది దాచలేదు.

ఒకే లోపం ఒక బ్రౌజర్‌లో పూర్తి తెలుపుగా, మరో బ్రౌజర్‌లో ‘హెచ్‌టీటీపీ ఎర్రర్ 500’ అన్న సందేశంతో కనిపించవచ్చు. సర్వర్ ఖాళీగా 500 పంపినప్పుడు క్రోమ్ తన సొంత పేజీ చూపిస్తుంది. అందువల్ల ‘నాకు తెల్లగా వస్తోంది’, ‘నాకు ఏదో ఎర్రర్ వస్తోంది’ అని ఇద్దరు చెప్పినంత మాత్రాన రెండు సమస్యలున్నాయని అనుకోనక్కర్లేదు.

## ఎవరూ ముట్టుకోని సైట్ ఎలా చెడింది

సైట్ యజమానుల నుంచి ఎక్కువగా వినిపించే మాట, ‘మేమేమీ మార్చలేదు’ అని. అది నిజమే కావచ్చు. మార్పు చేసింది వాళ్లు కాకపోయినా, మార్పు జరగలేదని చెప్పడానికి లేదు. ఎవరి చేయీ పడకుండా మారేవి ప్రధానంగా రెండున్నాయి: హోస్టింగ్ కంపెనీ మార్చే పీహెచ్‌పీ వెర్షన్, తమంతట తాము అప్‌డేట్ అయ్యే ప్లగిన్లు.

పీహెచ్‌పీ 7.4కు భద్రతా మద్దతు 2022 నవంబరు 28తో ముగిసింది. మద్దతు లేని వెర్షన్‌ను హోస్టింగ్ కంపెనీలు ఎప్పటికీ నడపలేవు. ఏదో ఒక రోజు ఖాతాలన్నింటినీ 8.x వెర్షన్లకు మారుస్తాయి, ముందుగా ఈమెయిల్ పంపుతాయి. ఆ ఈమెయిల్ సైట్ కట్టిచ్చిన పాత డెవలపర్ ఇన్‌బాక్స్‌కు వెళ్లిందంటే యజమానికి ఆ సంగతే తెలియదు.

2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.0 అంతవరకు హెచ్చరికలతో సరిపెట్టిన చాలా తప్పులను ఫేటల్ ఎర్రర్లుగా మార్చింది. లేని కాన్‌స్టాంట్‌ను (మారని విలువకు పెట్టిన పేరును) వాడితే 7లో హెచ్చరిక వచ్చేది, కోడ్ ముందుకు సాగేది. 8లో అక్కడే ఆగిపోతుంది. ఖాళీ విలువను కౌంట్ ఫంక్షన్‌కు ఇస్తే 7.2 నుంచి హెచ్చరిక, 8లో టైప్ ఎర్రర్. ‘ఈచ్’, ‘క్రియేట్_ఫంక్షన్’ అనే రెండు ఫంక్షన్లను 7.2లోనే వాడవద్దని ప్రకటించి 8.0లో పూర్తిగా తీసేశారు. స్ట్రింగ్ (అక్షరాల వరుస)లో ఒక అక్షరాన్ని మీసాల బ్రాకెట్లతో తీసే పాత పద్ధతి 8.0లో సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాసే నియమం తప్పడం) అయింది. అలాంటి పంక్తి ఒక్కటి ఉన్నా మొత్తం ఫైలే చదవబడదు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0 కూడా పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను తీసేసినప్పుడు ఇలాంటి గందరగోళమే తెచ్చింది.

వర్డ్‌ప్రెస్ పనిచేసే తీరు ఈ లోపాల ప్రభావాన్ని ఇంకా పెంచుతుంది. ఏ పేజీ అడిగినా అది ఆన్‌లో ఉన్న ప్లగిన్లన్నింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే ప్రక్రియలోకి ఎక్కిస్తుంది. వాటి మధ్య అడ్డుగోడలు లేవు. కాంటాక్ట్ ఫారం కోసం పెట్టుకున్న ప్లగిన్‌లో తప్పు దొర్లితే ఫారం లేని పేజీలు కూడా తెల్లబోతాయి. అడ్మిన్ ప్యానెల్ కూడా అవే ప్లగిన్లను ఎక్కిస్తుంది కాబట్టి లోపలికి వెళ్లి ఆ ప్లగిన్‌ను ఆపే దారీ మూసుకుపోతుంది.

2019 మే నెలలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 ఈ చిక్కుముడికి రికవరీ మోడ్ అనే విరుగుడు తెచ్చింది. ఫేటల్ ఎర్రర్ వస్తే సందర్శకులకు క్లుప్తమైన సందేశం చూపించి, అడ్మిన్ ఈమెయిల్‌కు ప్రత్యేక లింకు పంపుతుంది. ఆ లింకు ద్వారా వెళితే చెడిన ప్లగిన్ ఆ అడ్మిన్ వరకు మాత్రమే ఆగి ఉంటుంది, ప్యానెల్ తెరుచుకుంటుంది. సైట్‌ను చూసేవాళ్లకు మాత్రం ప్లగిన్‌ను సరిచేసేదాకా ఎర్రర్ అలాగే ఉంటుంది. తీరా ఆ ఈమెయిల్ అందాలి కదా. సర్వర్ నుంచి మెయిల్ సరిగ్గా వెళ్లని హోస్టింగ్‌లు తక్కువేమీ కాదు, వెళ్లినా స్పామ్‌లో పడటం మామూలే. వర్డ్‌ప్రెస్ మూల అమరికలుండే కాన్ఫిగ్ ఫైల్‌లోనే సింటాక్స్ తప్పు ఉంటే ఈ రక్షణ మొదలయ్యే అవకాశమే లేదు. నేటికీ పూర్తి తెల్ల పేజీలు రావడానికి ఇదొక కారణం.

ఆటో అప్‌డేట్ల కథ కొంచెం మెరుగుపడింది. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి ప్లగిన్లు, థీములు తమంతట తాము అప్‌డేట్ అయ్యేలా ప్యానెల్‌లోనే పెట్టుకోవచ్చు. 2024 జులైలో వచ్చిన 6.6 నుంచి, ఆటో అప్‌డేట్ తర్వాత వర్డ్‌ప్రెస్ సొంత హోమ్ పేజీని తానే తెరిచి చూసుకుంటుంది. ఫేటల్ ఎర్రర్ కనబడితే ప్లగిన్‌ను పాత వెర్షన్‌కు తీసుకొస్తుంది. కానీ అది చూసేది హోమ్ పేజీని మాత్రమే. చెల్లింపు పేజీలోనో సెర్చ్ ఫలితాల్లోనో మాత్రమే నడిచే కోడ్ చెడితే ఈ కాపలాకు దొరకదు.

## మెమరీ నిండినప్పుడు లాగ్ చూపించే పేరు

లాగ్‌లో ‘అలౌడ్ మెమరీ సైజ్ ఆఫ్ 134217728 బైట్స్ ఎగ్జాస్టెడ్’ అన్న పంక్తి కనిపిస్తే ఆ పెద్ద అంకె 128 మెగాబైట్లు. అంటే ఒక్క పేజీ తయారీకి పీహెచ్‌పీకి ఇచ్చిన హద్దు అయిపోయింది. హద్దును 256 మెగాబైట్లకు పెంచితే పేజీ తిరిగి రావచ్చు.

ఈ పంక్తిని చదవడంలో ఒక మెలిక ఉంది. మిగతా ఎర్రర్లలో లాగ్ చూపించే ఫైలే సాధారణంగా దోషి. మెమరీ విషయంలో అలా కాదు. లాగ్‌లో ఉండేది చివరి కొద్ది బైట్లు అడిగిన ఫైల్ పేరు. అంతకుముందు 120 మెగాబైట్లు మింగిన ప్లగిన్ పేరు అక్కడ ఉండకపోవచ్చు. లాగ్‌లో వర్డ్‌ప్రెస్ డేటాబేస్ ఫైల్ పేరు చూసి వర్డ్‌ప్రెస్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లు పొరబడేది ఇక్కడే. రీలోడ్ చేసిన ప్రతిసారీ లాగ్‌లో వేరే ఫైల్ పేరు వస్తుంటే వాటిలో ఏదీ అసలు దోషి కాదని అనుకోవచ్చు. అప్పుడు ప్లగిన్లను ఒక్కొక్కటిగా ఆపి చూడటం తప్ప వేరే దారి లేదు.

## తెలుగు సైట్లకే ఎక్కువగా ఎదురయ్యే రకం

ఇంగ్లిష్ సైట్లలో అరుదుగా కనిపించి తెలుగు సైట్లలో తరచూ ఎదురయ్యే ఖాళీ ఒకటుంది. పేజీ చట్రం అంతా ఉంటుంది, శీర్షికో సారాంశమో ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. జావాస్క్రిప్ట్‌తో నడిచే సైట్ అయితే పేజీ మొత్తమే ఖాళీ కావచ్చు.

దీనికి మూలం తెలుగు లిపిని కంప్యూటర్ దాచుకునే తీరులో ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగులో హల్లుకు, అచ్చుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కొక్కదానికి 3 బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటలో 3 హల్లులు, 3 గుణింతపు గుర్తులు కలిపి 6 కోడ్ పాయింట్లు (కంప్యూటర్ విడిగా లెక్కించే గుర్తులు), 18 బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికీ అంతే.

పీహెచ్‌పీలోని ‘సబ్‌స్ట్రింగ్’ ఫంక్షన్ లెక్కపెట్టేది బైట్లను. హోమ్ పేజీలో వార్త సారాంశం చూపించడానికి ఎవరో మొదటి 100 బైట్లు తీసుకోమని రాసి ఉంటే, ఇంగ్లిష్‌లో 100 అక్షరాలు సరిగ్గా వస్తాయి. తెలుగులో 99 బైట్లతో 33 కోడ్ పాయింట్లు పూర్తయి, 34వ దానిలో ఒక్క బైట్ తెగి వేలాడుతుంది. వాక్యంలో ఖాళీలు, చుక్కలు ఒక్కో బైటే కాబట్టి ప్రతి వార్తకూ కోత వేర్వేరు చోట పడుతుంది. అదృష్టవశాత్తూ సరైన చోట తెగిన వార్త కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. కొన్ని పోస్టులే ఖాళీగా ఉండటం వెనుక ఏ క్రమమూ లేనట్టు అనిపించేది ఇందుకే.

తెగిన బైట్ ఉన్న వాక్యం సరైన యూటీఎఫ్-8 కాదు. అక్కడ చదవరాని గుర్తు ఒకటి వచ్చి ఊరుకుంటే నష్టం ఉండేది కాదు. కానీ హెచ్‌టీఎంఎల్‌లోకి పంపే ముందు వాక్యాన్ని శుభ్రపరిచే ‘హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్’ ఫంక్షన్ పీహెచ్‌పీ 8.0 వరకు ఇలాంటి వాక్యం ఎదురైతే మొత్తాన్నీ వదిలేసి ఖాళీ స్ట్రింగ్ ఇచ్చేది. 8.1 నుంచి తెగిన చోట ప్రత్యామ్నాయ గుర్తు పెట్టడం డీఫాల్ట్ అయింది. వర్డ్‌ప్రెస్‌లో అదే పనిచేసే సొంత ఫంక్షన్ ఖాళీ స్ట్రింగే ఇస్తుంది. డేటాను యాప్‌లకు పంపే రూపంలోకి మార్చే ‘జేసన్ ఎన్‌కోడ్’ అయితే ఒక్క వార్తలో తెగిన బైట్ ఉన్నా మొత్తం జాబితాకే ‘ఫాల్స్’ అని జవాబిస్తుంది. ఆ జాబితా మీద ఆధారపడిన మొబైల్ యాప్‌కో, జావాస్క్రిప్ట్ హోమ్ పేజీకో ఏమీ అందదు. ఎక్కడా ఫేటల్ ఎర్రర్ ఉండదు, లాగ్ శుభ్రంగా ఉంటుంది, స్టేటస్ 200.

బైట్లకు బదులు కోడ్ పాయింట్లు లెక్కపెట్టే ‘ఎంబీ సబ్‌స్ట్రింగ్’ వాడితే ఖాళీ సమస్య పోతుంది. అయినా అది హల్లును గుణింతం నుంచి విడగొట్టగలదు, ‘కి’ ఉండాల్సిన చోట ‘క’ మిగలవచ్చు. తెలుగుకు మాటల మధ్య ఖాళీ దగ్గర కోయడమే అన్నిటికంటే మంచిది.

దీనికి దగ్గరి బంధువు ఇంకోటుంది. చిన్న పోస్టులు బాగానే కనిపిస్తూ పొడవాటి సీరియల్ భాగమో, పెద్ద వ్యాసమో మాత్రమే ఖాళీగా వస్తే పాఠంలో నమూనాలను వెతికే పీహెచ్‌పీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ హద్దును అనుమానించాలి. ‘పీసీఆర్ఈ బ్యాక్‌ట్రాక్ లిమిట్’ డీఫాల్ట్‌గా 10 లక్షలు. అది దాటితే పోస్టు మీద మార్పులు చేసే ఫంక్షన్ ‘నల్’ ఇస్తుంది. ప్లగిన్ రాసినవారు ఆ జవాబును సరిచూసుకోకపోతే వ్యాసం బదులు ఆ ఖాళీయే పేజీలోకి వెళుతుంది. వ్యాసం డేటాబేస్‌లో భద్రంగానే ఉంటుంది కాబట్టి మళ్లీ టైప్ చేయాల్సిన పనిలేదు.

## కోడ్ అంతా వచ్చింది, బొమ్మ పడలేదు

హెచ్‌టీఎంఎల్ పూర్తిగా వచ్చి పేజీ తెల్లగా ఉంటే దారి మారుతుంది. ఎఫ్12లో కన్సోల్ ట్యాబ్‌లో ఎర్ర పంక్తి చూడాలి.

రియాక్ట్ వంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలతో కట్టిన సైట్లలో సర్వర్ పంపేది దాదాపు ఖాళీ చట్రమే. ఒక డివ్ ట్యాగ్, ఒకటి రెండు జావాస్క్రిప్ట్ ఫైళ్ల పేర్లు ఉంటాయి, అంతే. పేజీని గీసేది జావాస్క్రిప్ట్. 2017 సెప్టెంబరులో వచ్చిన రియాక్ట్ 16 నుంచి, గీసే సమయంలో ఎవరూ పట్టుకోని ఎర్రర్ వస్తే మొత్తం పేజీని తీసేయడం దాని పద్ధతి. తప్పు వివరాలున్న పేజీ చూపించడం కంటే ఏమీ చూపించకపోవడం నయమన్నది ఆ నిర్ణయం వెనుక వాదన. బ్యాంకు నిల్వ తప్పుగా కనబడే ప్రమాదాన్ని తలచుకుంటే అందులో న్యాయం ఉంది. అయితే తప్పును పేజీలో ఒక భాగానికే పరిమితం చేసే ఎర్రర్ బౌండరీలు పెట్టుకోని సైట్‌లో ఒక చిన్న బొత్తం లోపం పేజీ అంతటినీ ఖాళీ చేస్తుంది.

కొత్త వెర్షన్ ఎక్కించిన వెంటనే కొందరికే తెల్ల పేజీ వస్తే కారణం చాలావరకు పాత క్యాష్ (ముందే దాచుకున్న ప్రతి). ఈ సైట్లలో జావాస్క్రిప్ట్ ఫైల్ పేరు ప్రతి వెర్షన్‌కూ మారుతుంది. చదువరి బ్రౌజర్‌లోనో మధ్యలోని సీడీఎన్ (పేజీల ప్రతులను దాచి అందించే సర్వర్లు)లోనో పాత ఇండెక్స్ పేజీ నిలిచి ఉంటే అది పాత ఫైల్‌ను అడుగుతుంది. ఆ ఫైల్ సర్వర్‌లో ఉండదు. చాలా సర్వర్లు తెలియని చిరునామాకు ఇండెక్స్ పేజీనే జవాబుగా పంపేలా అమర్చి ఉంటాయి. అందుకే జావాస్క్రిప్ట్ కోసం ఎదురుచూసిన బ్రౌజర్‌కు హెచ్‌టీఎంఎల్ అందుతుంది. కన్సోల్‌లో ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్’ అని, పక్కన యాంగిల్ బ్రాకెట్ గుర్తుతో కనిపించే ఎర్రర్ దీని ముద్ర. ఇండెక్స్ పేజీని క్యాష్ చేయవద్దని చెప్పడం, పాత ఫైళ్లను కొన్నాళ్లపాటు సర్వర్‌లో ఉంచడం దీనికి మందు.

మామూలు సైట్లలో ప్రీలోడర్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. కొన్ని థీములు సీఎస్ఎస్‌తో పేజీ మొత్తాన్ని దాచిపెట్టి, అంతా లోడ్ అయ్యాక జావాస్క్రిప్ట్‌తో తెర తీస్తాయి. మధ్యలో ఏ స్క్రిప్ట్ చెడినా తెర తీసేవారుండరు. 2020 ఆగస్టులో వర్డ్‌ప్రెస్ 5.5, పాత జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపించే జేక్వెరీ మైగ్రేట్‌ను ఆన్‌లో ఉంచడం మానేసినప్పుడు పాత థీములు చాలా ఇలా ఇబ్బందిపడ్డాయి. ఇక టైటిల్ ట్యాగ్‌నో స్క్రిప్ట్ ట్యాగ్‌నో మూయడం మరిస్తే బ్రౌజర్ ఆ తర్వాత ఉన్నదంతా దానిలో భాగమేననుకుంటుంది, పేజీ ఖాళీ అవుతుంది. ప్రకటన కోడ్‌ను హెడర్‌లో అతికించేటప్పుడు చివరి పంక్తి కాపీ కాకపోతే జరిగేది ఇదే.

## వెతికే వరుస

మొదట ఇంకో నెట్‌వర్క్ నుంచి, ఇన్‌కాగ్నిటో విండోలో చూడాలి. అక్కడ బాగుంటే క్యాష్ లేదా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ సంగతి. అక్కడా తెల్లగా ఉండి సర్వర్ లోపమని తేలితే, ఏదీ ముట్టుకోకముందు ఎర్రర్ లాగ్‌ను కాపీ చేసి పక్కన పెట్టుకోవాలి. సీప్యానెల్‌లో ‘ఎర్రర్స్’ అన్న చోట, లేదా సైట్ ఫోల్డర్‌లో ‘ఎర్రర్_లాగ్’ అనే ఫైల్‌గా అది దొరుకుతుంది. చివరి ఫేటల్ ఎర్రర్ పంక్తిలో ఫోల్డర్ దారి చదివితే చాలాసార్లు ప్లగిన్ పేరు అందులోనే ఉంటుంది.

లాగ్ లేకపోతే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో డబ్ల్యూపీ_డీబగ్‌ను, డబ్ల్యూపీ_డీబగ్_లాగ్‌ను ‘ట్రూ’ చేసి, డబ్ల్యూపీ_డీబగ్_డిస్‌ప్లేను ‘ఫాల్స్’గా ఉంచాలి. అప్పుడు ఎర్రర్లు సందర్శకులకు కనబడకుండా డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లోని డీబగ్ లాగ్‌లో పడతాయి. ఆ ఫైల్ చిరునామా అందరికీ తెలిసినదే, బ్రౌజర్‌లో టైప్ చేస్తే చాలా సైట్లలో తెరుచుకుంటుంది కూడా. అందుకే పని అయిన వెంటనే దాన్ని తీసేయడం తప్పనిసరి. కాన్ఫిగ్ ఫైల్‌లో మార్పులు ఎక్కడి నుంచైనా కాపీ చేస్తే వంకర కొటేషన్ గుర్తులు వచ్చాయేమో చూసుకోవాలి. వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో తిరిగివచ్చిన కోడ్‌లో అవి చేరి, ఉన్న లోపానికి ఇంకో సింటాక్స్ ఎర్రర్ తోడవుతుంది.

దోషి ప్లగిన్ పేరు తెలిస్తే దాని ఫోల్డర్ పేరు మార్చితే చాలు. తెలియకపోతే ప్లగిన్స్ ఫోల్డర్ పేరే మార్చవచ్చు. ఫైళ్లు కనబడని ప్లగిన్లను వర్డ్‌ప్రెస్ దాటేసి ముందుకు సాగుతుంది. అప్పుడు అడ్మిన్‌లో ప్లగిన్ల పేజీ ఒకసారి తెరిస్తే అన్నీ ఆఫ్ అవుతాయి. తర్వాత పాత పేరు పెట్టి ఒక్కొక్కటిగా ఆన్ చేసుకోవచ్చు. సెట్టింగులు డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి సాధారణంగా పోవు. ఆ పేజీ తెరవకుండా పేరు తిరిగి పెట్టేస్తే ప్లగిన్లన్నీ మునుపటిలాగే ఆన్‌లో ఉండి సైట్ మళ్లీ తెల్లబోతుంది.

ప్లగిన్లన్నీ ఆపినా మార్పు లేకపోతే డబ్ల్యూపీ-కంటెంట్‌లో ‘ఆబ్జెక్ట్-క్యాష్’, ‘అడ్వాన్స్‌డ్-క్యాష్’ అనే పీహెచ్‌పీ ఫైళ్లున్నాయేమో చూడాలి. క్యాష్ ప్లగిన్లు వీటిని ప్లగిన్స్ ఫోల్డర్ బయట పెట్టి వెళతాయి. ప్లగిన్ ఆగినా ఇవి నడుస్తూనే ఉంటాయి. ఎంత వెతికినా అంతుచిక్కని తెల్ల పేజీల్లో వీటి వాటా తక్కువ కాదు. అవి కూడా కాకపోతే థీమ్ వంతు.

పీహెచ్‌పీ వెర్షన్ మారడమే కారణమని తేలితే సీప్యానెల్‌లో పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లడం తక్షణ ఉపశమనం. అది కొన్ని రోజుల వెసులుబాటు మాత్రమే. ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని థీమ్‌కు ప్రత్యామ్నాయం వెతకడానికి ఆ వెసులుబాటు వాడుకోవాలి.

## ఎన్నాళ్లు తెల్లగా ఉంటే ఏమవుతుంది

సెర్చ్ ఇంజిన్ల దృష్టిలో 500, 200 ఒకటి కావు. 500 కనిపిస్తే గూగుల్ అది తాత్కాలిక ఇబ్బందిగా భావించి సైట్‌కు రావడం తగ్గిస్తుంది. ఇండెక్స్‌లో ఉన్న పేజీలను వెంటనే తీసేయదు, ఆ పరిస్థితి కొనసాగితే తీసేస్తుంది. 200తో ఖాళీ పేజీ వస్తే దాన్ని విషయం లేని పేజీగా, సాఫ్ట్ 404 (200 వచ్చినా లేనట్టే చూసే పేజీ)గా లెక్కించవచ్చు. అంటే ఎర్రర్ లేదని చెప్పే ఖాళీ పేజీయే సెర్చ్‌లో ఎక్కువ చేటు చేయగలదు.

సైట్ నడుస్తోందా లేదా అని కొద్ది నిమిషాలకోసారి చూసే మానిటరింగ్ సేవలు కూడా స్టేటస్ కోడ్ ఒక్కటే చూస్తే ఇక్కడ మోసపోతాయి. 200 వచ్చింది కాబట్టి అంతా బాగుందని రాత్రంతా నివేదిస్తూనే ఉంటాయి. ఇలాంటి సేవల్లో చాలావాటికి పేజీలో ఫలానా మాట ఉందో లేదో చూసే సదుపాయం ఉంటుంది. పేజీ చివర ఫుటర్‌లో వచ్చే ఒక మాటను అక్కడ ఇవ్వడం మంచిది. ఎందుకంటే పేజీ సగంలో కూలినా శీర్షిక కనబడుతుంది, ఫుటర్ కనబడదు. హోమ్ పేజీతో పాటు ఏదో ఒక వార్త పేజీని, వ్యాపార సైటైతే చెల్లింపు పేజీని కూడా ఆ జాబితాలో చేర్చాలి. ఆటో అప్‌డేట్ తర్వాత వర్డ్‌ప్రెస్ తానుగా చూడనివి ఆ పేజీలే.